రాజు అడగకూడని ప్రశ్న

మా పెద్దనాయనా, మా నాయనా ఒక తల్లి బిడ్డలు. ఒకే మాదిగపల్లె, ఎదురెదురు ఇళ్ళు, ఒకే బాప్టిస్టు చర్చి. ఆదివారం ఒకే చాప మీద కూచుని పాడేవాళ్ళు. కానీ ప్రభుత్వం కాగితాల్లో మా రెండిళ్ళకూ మతాలు వేరు. పెద్దనాయన పిల్లలు హిందూ మాదిగలు, ఎస్సీలు. నేను క్రైస్తవుణ్ణి, బీసీ-సి. ఒకే తాత మనవళ్ళం రెండు జాబితాల్లోకి ఎట్టా పంపకమయ్యామో తెలియాలంటే బడి రిజిస్టరు దగ్గరికి పోవాలి.

పెద్దనాయన తన కొడుకుని బళ్ళో వేసేటప్పుడు మతం గడిలో పంతులు తనే 'హిందూ' అని రాసుకున్నాడు. పెద్దనాయన ఏమీ అనలేదు. ఆయనకి చదువు రాదుగానీ లోకం తెలుసు. 1993లో నన్ను బళ్ళో వేసేనాటికి ఆ గడి విలువ ఎంతో పల్లెలో అందరికీ తెలిసిపోయింది. మా నాయన వేలిముద్ర మనిషి కాదు, సంతకం చేయగలడు. ఆ సంతకం చేసేముందు, "క్రిస్టియన్ అని రాయండయ్యా" అన్నాడు. పంతులు చెడ్డవాడేం కాదు. "ఒరే, పిల్లోడి నోటికాడ కూడు తీయబాకురా. మీ అన్న చెయ్యలేదా?" అన్నాడు. "మా అన్న సంగతి మా అన్నది. దేవుడి కాడ ఒక పేరు, గవర్నమెంటు కాడ ఒక పేరు నాకొద్దు" అన్నాడు నాయన. ఈ మాటలు నేను విన్నవి కావు, మా అమ్మ ఓ వందసార్లు చెప్పింది. సగం మెచ్చుకోలుగా, సగం నిష్ఠూరంగా.

ఆ మాటకి నా చదువంతా కిస్తీ కట్టింది. ఎస్సీలకుండే రిజర్వేషన్ నాకు లేదు. ఈ రాష్ట్రంలో మాకున్నది 1970 నుంచీ వస్తున్న బీసీ-సి కోటా, నూటికి ఒక్కటి. ఆ ఒక్కదాని కోసం జిల్లాలోని క్రైస్తవ మాల మాదిగలంతా ఎదురుచూడాలి. 2012 డీఎస్సీలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా వంశంలో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేనే. నా సర్టిఫికెట్ మీద ఉన్న వర్గం పేరు ఒకసారి చూడండి: క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారు, వారి సంతతి. మారింది మా తాతకు తాత. నూటనలభై ఏళ్ళ పైమాట. నేను మారలేదు, పుట్టాను. అయినా కాగితం దృష్టిలో నేనింకా మారినవాడి సంతతినే. నా బిడ్డలూ అంతే. బాప్తిస్మం ఒక్కసారే ఇస్తారు చర్చిలో, రెవెన్యూ ఆఫీసులో మాత్రం తరతరానికీ ఇస్తూనే ఉంటారు.

ఇంతకీ ఎవరు చేసింది ధర్మం? నాయనదా, పెద్దనాయనదా? మా పల్లెలో దీనిమీద తగువులు పడ్డారు. ఒకసారి పాస్టరుగారు ప్రసంగంలో 'రెండు నాలుకల విశ్వాసులు' అని ఏదో అన్నాడు. పెద్దనాయన మూడు ఆదివారాలు చర్చికి రాలేదు. నాలుగో ఆదివారం వచ్చి, ప్రార్థన అయ్యాక, అందరి ముందూ అడిగాడు: "అయ్యగారూ, ఐగుప్తులో మంత్రసానులు ఫరోకి ఏం చెప్పారు?"

బైబిలు తెలియని మిత్రుల కోసం చెప్తాను. ఇశ్రాయేలీయుల మగబిడ్డల్ని పుట్టగానే చంపమని ఫరో రాజు ఇద్దరు మంత్రసానులకి ఆజ్ఞ ఇచ్చాడు. షిఫ్రా, పూయా వాళ్ళ పేర్లు. వాళ్ళు చంపలేదు. ఎందుకు బతకనిచ్చారని రాజు అడిగితే, ఆ ఆడవాళ్ళు గట్టివాళ్ళు, మేం పొయ్యేలోపే కనేస్తున్నారు అని బొంకారు. దేవుడు వాళ్ళకి మేలు చేశాడని అక్కడే ఉంది. రాజు పేరైనా చెప్పని ఆ పుస్తకం, ఆ ఇద్దరి పేర్లు చెప్పింది. ఇక అదే బైబిల్లో దానియేలు కూడా ఉన్నాడు. రాజుకి తప్ప ఎవరికీ మొక్కగూడదని శాసనం వచ్చిందని తెలిసీ, కిటికీలు తెరిచి మరీ ప్రార్థన చేసుకుని సింహాల బోనులో పడ్డవాడు. మా నాయన దానియేలు. మా పెద్దనాయన మంత్రసాని. ఇద్దరినీ దేవుడు తోసెయ్యలేదు. ఆవేళ పాస్టరుగారు జవాబు చెప్పకుండా ఆశీర్వాదం ఇచ్చి పంపించేశాడు. నాకు మాత్రం అది పదిహేనేళ్ళు పట్టింది, తప్పు జవాబులో లేదు, ప్రశ్నలో ఉంది అని మాటల్లో పెట్టుకోటానికి. నువ్వు ఏ దేవుడికి మొక్కుతావు అని అడిగే హక్కు ఫరోకి లేదు. హక్కు లేని ప్రశ్నకి ఒకడు తల ఎత్తి నిజం చెప్తాడు, ఒకడు బిడ్డల్ని కాపాడుకుంటాడు. సిగ్గుపడాల్సింది అడిగినవాడు.

ఈ మాట నా సొంతం అనుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత చదివితే తెలిసింది, మా బాప్టిస్టుల పుట్టుకే ఇదని. 1612లో ఇంగ్లండులో థామస్ హెల్విస్ అనే బాప్టిస్టు, ప్రజల ఆత్మల మీద రాజుకి అధికారం లేదని పుస్తకం రాసి, రాజుకే ప్రతి పంపాడు. తన మతంవాళ్ళకే కాదు, తురకలకీ యూదులకీ కూడా ఆ స్వేచ్ఛ ఉండాలన్నాడు. న్యూగేట్ జైల్లో పోయాడు. అమెరికాలో రోజర్ విలియమ్స్‌ని ఇట్టాంటి మాటలకే 1635లో మసాచుసెట్స్ నుంచి వెళ్ళగొట్టారు. ఆయన వెళ్ళి ప్రావిడెన్స్ ఊరు కట్టుకున్నాడు. రాజ్యానికి మనస్సాక్షితో పనిలేదని పెట్టుకున్న ఊరది. ఆ బాప్టిస్టుల వారసులే 1836లో తెలుగు మిషన్ మొదలుపెట్టారు. మాకు బైబిలు ఇచ్చారు, పాటలిచ్చారు. ఈ పాఠం మాత్రం చెప్పలేదు. లేకపోతే మా చెవుల్లో పడలేదు.

చెవుల్లో పడని పాఠమే అయినా మావాళ్ళు దాన్ని ఆచరించారు. అది ఒంగోలు చరిత్రలో ఉంది. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటి మాదిగ విశ్వాసులు పెట్టుకున్న కట్టుబాట్లు మూడు: విగ్రహాలకి మొక్కగూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినగూడదు, ఆదివారం పని చెయ్యగూడదు. మొదటి రెండింటి గురించీ చర్చిల్లో చాలా చెప్తారు. నన్ను ఎప్పుడూ కదిలించేది మూడోది. వెట్టిమాదిగకి ఆదివారం అంటే ఏంటో ఆలోచించండి. కరణం పిలిస్తే పోవాలి, మునసబు పిలిస్తే పోవాలి, చెప్పులు కుట్టాలి, డప్పు కొట్టాలి, గొడ్డు చస్తే ఈడవాలి. పగలుకీ రాత్రికీ తేడా లేదు. అట్టాంటివాడు వారానికి ఒకరోజు చూపించి, ఇది మీది కాదు అన్నాడు. ఊరు ఊరుకోలేదు. పనుల్లోంచి తీసేశారు, బావుల దగ్గర అడ్డుకున్నారు, కొట్టారు. అయినా ఆ ఒక్కరోజూ వదల్లేదు. మాదిగోడి చేతిలోకి వచ్చిన మొదటి ఆస్తి ఎకరం కాదు, ఆదివారం అని నేను పిల్లలకి చెప్తుంటాను. మా తోటి సోషల్ మాస్టారు నవ్వుతాడు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు కూలీలకి అక్కడ రొక్కం ఇచ్చారు. తిండిగింజలకీ తిట్లకీ పని చేసినవాడి చేతిలో వారం తిరక్కుండా డబ్బులు పడ్డాయి. ఇంకో సంగతి. కరువు పని సాగినన్నాళ్ళూ క్లౌ ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారనే మాట రాకూడదని. పనులు ఆగిపోయాక, కూలి లేదు, గంజి లేదు అన్నాక కూడా జనం వదల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్ళల్లో మునిగారు. 'బియ్యం క్రైస్తవులు' అని మమ్మల్ని ఎకసెక్కాలాడేవాళ్ళకి ఈ లెక్క తెలియదు. తెలిసినా చెప్పరు.

మా బావ దగ్గరికొస్తాను. అక్క మొగుడు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేరు. అక్కడ తెల్లవాళ్ళ చర్చికి పోతాడు. అక్కడే లిబర్టేరియన్ అయ్యాడు. అంటే ప్రభుత్వం ఎంత తక్కువుంటే మనిషి అంత బాగుపడతాడనే వాదం. పన్ను అంటే దొంగతనం, సర్కారు బడి అంటే పిల్లల మనసుల్ని కట్టెయ్యడం, రిజర్వేషన్ అంటే చెయ్యిచాపడం. సర్కారు బడి పంతులుతో ఇవన్నీ చెప్పటానికి కొంచెం ధైర్యం కావాలి, అది ఆయనకి ఉంది. మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అర్ధరాత్రి దాకా మిద్దె మీద కూచుని వాదించుకున్నాం.

"బామ్మర్దీ, సమూయేలు ఏం చెప్పాడో గుర్తుందా? మాకు రాజు కావాలి అని జనం ఏడిస్తే, ఆ రాజు మీ కొడుకుల్ని రథాల ముందు పరిగెత్తిస్తాడు, కూతుళ్ళని వంటలకి పెట్టుకుంటాడు, పొలాలు లాక్కుంటాడు, పంటలో పదోవంతు తీసుకుంటాడు అని చెప్పలా? రాజంటే అదే. నువ్వు ఆ రాజుని పట్టుకుని నాకు సర్టిఫికెట్ ఇయ్యి, నాకు జాబితా ఇయ్యి అంటున్నావు" అన్నాడు.

"పదోవంతేగా బావా. మన పాస్టరుగారూ అంతే అడుగుతున్నాడు" అన్నాను.

"నవ్వబాక. నేను మూడోవంతు కడుతున్నా."

"సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో తిన్న అన్నం ఎవరు కట్టింది?"

ఆ దెబ్బకి పడతాడనుకున్నా. పడలేదు. "అది తిన్నవాణ్ణి కాబట్టే చెప్తున్నా. నీళ్ళచారు తాగినవాణ్ణి. బియ్యం మూటలు రాత్రిపూట గోడ దూకి పోతుంటే చూసినవాణ్ణి. 'మీ మొకాలకి ఇదే ఎక్కువ' అన్న వార్డెను మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెట్టే చెయ్యి పైన ఉంటది బామ్మర్దీ, కింద చెయ్యి ఎప్పుడూ మనదే. సరే అది వదిలెయ్. తాత భూమి సంగతి చెప్పు."

తాత భూమి దగ్గర నాకు మాట రాలేదు. మా తాతకి ఎకరంన్నర డీకేటీ పట్టా ఇచ్చారు. రాళ్ళు ఏరి, చిల్లచెట్లు కొట్టి, ముప్పై ఏళ్ళు చాకిరీ చేసి కంది పండించాడు. 1991లో ఏదో ప్రభుత్వ అవసరం అని తీసుకున్నారు. పక్కనున్న ఆసాములకి పరిహారం. మా తాతకి లేదు. ఇచ్చినవాళ్ళమే తీసుకుంటున్నాం, నీకు పరిహారం ఏంది అన్నారట. నాబోతు ద్రాక్షతోట కోసం ఆహాబు రాజు కనీసం బేరమాడాడు. కుదరక, ఆయన భార్య నాబోతు మీద దొంగసాక్ష్యం పెట్టించింది. మా తాత విషయంలో ఆ శ్రమ కూడా పడలేదు. పట్టా వెనక షరతుల్లోనే అంతా ఉంది. అసైన్డ్ భూమికి కూడా సొంత పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని మన హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో చెప్పింది. అప్పటికి తాత పోయాడు. అమ్ముకునే హక్కు లేకుండా 1977 చట్టం కట్టేసింది కూడా మమ్మల్ని కాపాడటానికే అన్నారు. నిజమే, ఆ కట్టు లేకపోతే ఆసాములు సారా సీసాకి రాయించుకునేవాళ్ళు. కానీ ఆసాముల నుంచి కాపాడిన చేతి నుంచి కాపాడేవాళ్ళెవరు? బావ చెప్పే మాటల్లో ఇది నాకు గుచ్చుకుంటుంది. ప్రభుత్వం రాసిచ్చింది ప్రభుత్వం కొట్టెయ్యగలదు. కులాల జాబితా కూడా ఒక డీకేటీ పట్టాయే.

కానీ బావ మర్చిపోయేది ఒకటుంది. స్వేచ్ఛ అనే ఈ మాట మన జిల్లాలకి కొత్తది కాదు. 1959లో రాజాజీ, నిడుబ్రోలు ఎన్.జి. రంగా కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగాగారే మొదటి అధ్యక్షుడు. లైసెన్సు పర్మిటు రాజ్యం వద్దు, రైతు భూమి జోలికి ప్రభుత్వం రావద్దు, సహకార సేద్యం పేరుతో పొలాలు కలపొద్దు. రాజ్యం బలిసిపోతే ఏమవుతుందో వాళ్ళు చెప్పినదాంట్లో నిజం ఉంది, ఎమర్జెన్సీలో తెలిసొచ్చింది. కానీ ఆ స్వేచ్ఛ ఎవరిది? భూమి ఉన్నోడిది. అతని దొడ్లో పాలేరు ఉన్నాడు, ఆ పాలేరుకి అప్పు ఉంది, ఆ అప్పు కింద వాడి కొడుకు గొడ్లు కాస్తున్నాడు. ప్రభుత్వం ఆ దొడ్డి గుమ్మం దాటగూడదు అన్నప్పుడు లోపలున్న పిల్లోడి స్వేచ్ఛ గురించి ఎవరూ అడగలేదు. బావ చర్చి చరిత్రా అంతే. ఆత్మల మీద రాజుకి అధికారం లేదన్న బాప్టిస్టులు 1845లో అమెరికాలో రెండుగా చీలారు. దేనిమీద? బానిసల్ని ఉంచుకున్నవాణ్ణి మిషనరీగా పంపొచ్చా లేదా అని. పంపొచ్చు అన్నవాళ్ళే సదరన్ బాప్టిస్టులయ్యారు. టెక్సాస్ బాప్టిస్టులు కూడా ఆ పక్షమే. తమ మనస్సాక్షికి స్వేచ్ఛ అడిగినవాళ్ళు, పొలంలో గొలుసుతో ఉన్న మనిషి ఒంటికి ఆ స్వేచ్ఛ అడగలేదు.

మా నెత్తిన ఒక్క రాజే ఉంటే బావ వాదం ఒప్పుకునేవాణ్ణి. మాకు ఇద్దరు. ఒకడు ఢిల్లీలో, విజయవాడలో ఉంటాడు. అయిదేళ్ళకోసారి ఓటుతో వాణ్ణి దించొచ్చు. రెండోవాడు ఊళ్ళో ఉంటాడు. వాడికి ఎన్నిక లేదు. వాడూ పన్ను వసూలు చేస్తాడు, వెట్టి రూపంలో. వాడికీ పోలీసులున్నారు, వాడి కొడుకులే. ఏ వీధిలో చెప్పులేసుకోవాలి, ఏ నీళ్ళు తాగాలి, ఎవర్ని పెళ్ళాడాలి, అన్నీ వాడి శాసనమే. సమూయేలు చెప్పిన రాజు లక్షణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి, ఊరికి సరిపోతాయి. డల్లాస్ పుస్తకాల్లో ఈ రెండో రాజు లేడు. అంబేడ్కర్‌కి తెలుసు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదా ప్రవేశపెడుతూ, గ్రామాన్ని కాక వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నామని చెప్పుకున్నాడు. బావకి ఇష్టమయ్యే మాటే అది. అదే అంబేడ్కర్ అంతకు ముందు ఏడాది భూమినంతా రాజ్యమే తీసుకోవాలని రాశాడని చెప్తే మాత్రం బావ మొహం ముడుచుకుంటాడు. వ్యక్తిని ఊరి నుంచి విడిపించడానికి బలమైన రాజ్యం కావాలి అని ఆయన లెక్క.

1985 జూలై 17. కారంచేడు. మాకు పక్క ఊరి కిందే లెక్క. మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు బర్రెల కుడితి బొక్కెన కడుగుతుంటే వద్దన్న గొడవ. కొట్టబోతే బిందె ఎత్తి ఎదురు తిరిగిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. తెల్లారి ఊరు మీద పడింది. ఆరుగురు చనిపోయారు. పొలాల్లో తరిమి తరిమి చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఎదిరించిన మనిషి పేరు సువార్త, చచ్చిపోయినవాళ్ళల్లో మోషేలున్నారు, పారిపోయి చేరింది చర్చికి. గొడ్డలి ఎత్తినవాడు ఎవణ్ణీ బాప్తిస్మం తీసుకున్నావా అని అడగలేదు. అడగాల్సిన అవసరం వాడికి రాలేదు.

రాజ్యం అడుగుతుంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే. మతంతో ముడి తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. మన అసెంబ్లీ 2009లో ఒకసారి, 2023లో ఒకసారి తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. పంపిన రెండుసార్లూ మా పల్లెలో మిఠాయిలు పంచారు. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్‌ని వేసింది. ఇక కోర్టులు. 2024 నవంబరు 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, పుదుచ్చేరి ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒకామె కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆమె బాప్తిస్మం తీసుకుంది, చర్చికి వెళ్తుంది కాబట్టి ఆమె చెప్పే హిందూత్వం కోటా కోసమేనని, అది రాజ్యాంగానికి మోసమని. అంటే ఒక మనిషి ఆదివారం పూట ఎక్కడికి పోతుందో దేశంలోని అత్యున్నత న్యాయస్థానం విచారించింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఇంకో అడుగు వేసింది. క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ కాడు కాబట్టి, కులం పేరుతో తిట్టి కొట్టారని అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేడు అంది. ఆ కేసు పెట్టినాయన పాస్టరు. కారంచేడు లాంటి ఊళ్ళ నెత్తురులోంచి వచ్చిన చట్టం అది, 1989ది. ఇప్పుడా చట్టం గుమ్మం దగ్గర మోషేని ఆపి, నీ పేరేంటి, ఎక్కడ ప్రార్థన చేస్తావు అని అడుగుతోంది.

అందుకని బావతో నేను ఒప్పుకునేదీ ఒప్పుకోనిదీ ఒకచోటే ఉన్నాయి. నేను ఎవరికి మొక్కుతానో రాజ్యానికి అక్కర్లేదు. నన్ను ఎవడు కొట్టాడో రాజ్యానికి కావాలి. మూడో పేరా ఈ రెండింటినీ తారుమారు చేసింది. మొక్కు సంగతి తవ్వితీసి, దెబ్బ సంగతి వదిలేసింది. క్రైస్తవంలో కులం లేదుగా అంటారు పెద్దమనుషులు. బైబిల్లో లేదు, నిజమే. నా ఇంటి అడ్రసులో ఉంది. టీ కొట్టువాడికి బైబిలు వచనాలు తెలియవు, పల్లె తెలుసు.

ఈ తవ్వితీసే అలవాటు పెరుగుతోంది కూడా. ఒరిస్సా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో మతమార్పిడి చట్టాలు చేసుకున్నాయి. వాటికి పేరేమో 'మత స్వేచ్ఛ చట్టం'! 1977లో సుప్రీంకోర్టు అవి చెల్లుతాయంది. 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం ప్రకారం మతం మారదలుచుకున్నవాడు అరవై రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకి చెప్పుకోవాలి. ఆడవాళ్ళనీ, మైనర్లనీ, ఎస్సీ ఎస్టీలనీ అక్రమంగా మారిస్తే శిక్ష ఎక్కువ. చూడ్డానికి మామీద దయలాగే ఉంటది. అందులో ఉన్నదేంటంటే, బ్రాహ్మడు మతం మారితే ఆలోచించి మారాడు, మాదిగోడు మారితే ఎవడో మాయ చేశాడు. పసిపిల్లల పక్కన మమ్మల్ని కూచోబెట్టారు. గుండ్లకమ్మ ఒడ్డున మునిగిన 2,222 మంది ఏ కలెక్టరుకి అర్జీ పెట్టుకోవాలి? పెళ్ళిళ్ళదీ ఇదే తంతు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే నెల ముందు నోటీసు పెట్టాలి, అది ఆఫీసులో అందరికీ కనపడేట్టు అంటించాలి. కులం దాటిన జంటకి ఆ కాగితం చావుచీటీ కూడా కావచ్చు. 2018లో మిర్యాలగూడలో వైశ్యుల అమ్మాయిని పెళ్ళాడిన మన పిల్లోణ్ణి ఆసుపత్రి ముందు నరికారు. 2025 మార్చిలో కోర్టు నరికినవాడికి ఉరి, మిగతావాళ్ళకి యావజ్జీవం వేసింది. ఆ ఇద్దరూ కోరుకున్నది డల్లాస్‌వాళ్ళు చెప్పే స్వేచ్ఛే, ఇద్దరు మనుషుల ఒప్పందం. దాన్ని కాలరాసింది ప్రభుత్వం కాదు, తండ్రి. శిక్ష వేసింది ప్రభుత్వం.

మా చర్చి సంగతి చెప్పకపోతే అన్యాయం. ప్రభుత్వం మనస్సాక్షిలోకి రాగూడదు అనే నేను, చర్చి రావచ్చా అని కూడా అడగాలి కదా. రెడ్డి క్రైస్తవుల సమాధుల తోటలో మాదిగ క్రైస్తవుడికి గుంత దొరకని ఊళ్ళు నాకు తెలుసు. ఎవరి పెళ్ళికి పోయాడు, ఎవరి ఇంట్లో ప్రసాదం తిన్నాడు అని సంఘపెద్దలు పంచాయితీలు పెట్టటం చూశాను. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు, డప్పు సాతాను వాయిద్యం అని కొందరు పాస్టర్లు చెప్పారు. మా నాయన డప్పు కొట్టటం మానేసిన మనిషే, దండోరాకి మాత్రం అటక మీంచి దించి కాచాడు. వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పిన రోజు మా పల్లెలో రాత్రంతా డప్పులు మోగాయి. నేనూ చిందేశాను. ఆ జాబితాలో నా పేరు లేదని ఎవరికీ గుర్తు రాలేదు, మా పెద్దనాయన కొడుక్కి తప్ప. వాడు వచ్చి నా భుజం మీద చెయ్యేసి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు.

మిద్దె మీద బావ చివరికి ఒకటి అడిగాడు. "రేపు మూడో పేరా కొట్టేశారనుకో. నువ్వు పోయి ఎస్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటావా? ఇన్ని మాటలు చెప్పావు గదా, రాజు అడగకూడదు అని."

"తెచ్చుకుంటా" అన్నాను. "నాకు కాదు, నాకు ఉద్యోగం ఉంది. నా కూతురికి. కులం గడిలో మాదిగ అని రాయిస్తా. మతం గడి ఖాళీగా వదిలెయ్యమంటా."

"ఖాళీగా వదలరు. కంప్యూటరు తీసుకోదు."

"తీసుకునేదాకా లైన్లో నిలబడతా బావా."

కిందనుంచి అక్క కేకేసింది, చలిలో ఏం వాదనలు, పొద్దున్నే ఆరాధన ఉంది, పడుకోండి అని.